మగ్గం గుంతలో వానపాములు

“...నా తంబాకునంటవా? ముప్ఫై ఏండ్ల సంది ఈ తంబాకే ఇంట్ల పొయ్యి ముట్టిస్తుంది. నీ మగ్గం గాదు!”

“మగ్గాన్ని నడిమిట్లకు ఎందుకు గుంజుతవే? నేనడిగింది ఒక్కటే మాట. నీ బీడీ ఆకు తునకలు తినే చస్తున్నయి నా ఎర్రలు. అవునా, కాదా?”

“చస్తే చావనియ్యి, పీడ పోతది. నూలు పున్నమి ఇంక నెల రోజులే ఉంది. మేస్త్రికి చెప్పిన. గుంతల ఇసుక పోస్తడు, సిమెంటు పోస్తడు, మీద ఫర్శి బండలు పరుస్తడు. బస్, ఖతం.”

“అయితే నన్ను గూడ అండ్లనే పండవెట్టి ఫర్శి వెయ్యమను.”

“నువ్వు పడతవా అండ్ల? పొట్ట చూసుకున్నవా ఎన్నడన్న?”

గోడ అవతల శుభమ్ పళ్లు తోముకుంటూ ఇదంతా విన్నాడు. చెవులు పెట్టి వినలేదు. సోలాపూర్ భవానీ పేటలో ఆ ఇళ్లు అట్లా కట్టారు, ఒకరింట్లో పోపు పడితే పక్కింట్లో తుమ్ముతారు. నర్సప్ప, చంద్రభాగ అతనికి చుట్టాలేం కాదు. అయినా మాటలొచ్చినప్పటి నుంచి ఆయన్ని మామా అని, ఆమెను అత్తా అని పిలుస్తాడు. వాళ్ల కొట్లాటలు వింటూనే ఇరవై ఆరేళ్లు పెరిగాడు. కాకపోతే అంతకుముందు కొట్లాటకు రోజుకో కారణం ఉండేది. పదిహేను రోజులుగా ఒకటే కారణం, వానపాములు. నర్సప్ప వాటిని ఎర్రలంటాడు.

శుభమ్ నోట్లో నురగతోనే వాళ్ల గడపలో నిలబడ్డాడు.

“మామా, అత్త తునకలకే చచ్చినయని నీకెట్ల తెలుసు? చూసినవా?”

“చూసేదేముందిరా? తంబాకు తగిలితే పురుగు చస్తదని చిన్నపిల్లగాన్నడిగినా చెప్తడు. ఇంట్ల తంబాకు ఎవరి దగ్గరుంది?” అని నర్సప్ప కింది పెదవి లోపలి ముద్దను నాలుకతో ఓ పక్కకు సర్దుకున్నాడు.

“ముందు నువ్వు మొగం కడుక్కొని రాపో” అంది చంద్రభాగ శుభమ్‌తో. “కాలేజీ ఇడిసి తిరిగెటోడు గూడ మా ఇంట్ల పంచాయతి చేస్తడు.”

ఆ మాటలో తప్పులేదు. శుభమ్ బీఎస్సీలో జంతుశాస్త్రం రెండో ఏడాది సగంలో వదిలేశాడు. ప్రాక్టికల్ రోజు సీసాలోంచి చచ్చి తెల్లబడిన వానపాము తీసిచ్చి, పుస్తకంలో ఉన్న బొమ్మను చూసి గీయమన్నారు. బొమ్మ చూసే గీయాలంటే ఈ పీనుగెందుకు అని సారు మొహం మీదే అడిగాడు. తర్వాత మళ్లీ పోలేదు. ఇప్పుడు టవాళ్లు నేసే సాంచల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, పని, అదీ మధ్యాహ్నం పాళీ. పొద్దున ఖాళీ. ఖాళీగా ఉంటే అతనికి ఒళ్లంతా దురద.

ఇక నర్సప్ప సంగతి చెప్పాలి. ఆయన తండ్రి సిరిసిల్ల దిక్కు నుంచి సోలాపూర్ వచ్చి ఈ ఇంట్లోనే నేల తవ్వి మగ్గం దించాడు. గుంత మగ్గమంటే నేసేవాడు నేల మీద కూర్చుని కాళ్లు గుంతలోకి వదులుతాడు, తొక్కుడు కర్రలు కిందుంటాయి. నర్సప్ప పన్నెండేళ్లకు ఆ గుంతలోకి కాళ్లు దింపాడు. యాభై దాటాక కూడా తీయలేదు. చెద్దర్లు నేశాడు, గోడకు వేలాడదీసే బొమ్మల బట్టలు నేశాడు, పెళ్లయిన కొత్తలో చంద్రభాగ పేరు అంచులో పెట్టి ఒక దుప్పటి నేసి, అది షావుకారు పొరపాటున అమ్మేస్తే నాలుగు రోజులు అన్నం మానేశాడు. చేతి నేతకు గిరాకీ పోయాక అందరిలాగే సాంచల మీదకు పోయాడు. రెండు నెలలు కూడా ఉండలేదు. “అది నా కాలి మాట ఇంటలేదు” అని ఇంటికొచ్చాడు. సాంచల మోతకు ఆ రెండు నెలల్లోనే చెవులు కూడా సగం పోయాయి, అందుకే ఆ ఇంట్లో గుసగుసలుండవు.

మూడేళ్ల కింద మగ్గం విప్పి కట్టెలు అమ్మేశారు. గుంత మిగిలింది. నర్సప్ప పొద్దున్నే దాని అంచున కూర్చుని, కాళ్లు లోపలికి వదిలి, చాయ్ తాగేవాడు. ఏమీ చేసేవాడు కాదు. ఒక్కోసారి కాళ్లు వాటంతటవే ఒకదాని తర్వాత ఒకటి కదిలేవి. చంద్రభాగ అది చూసి మొహం తిప్పుకునేది.

వానపాముల్ని తెచ్చింది ఆమే. ఆడవాళ్ల పొదుపు సంఘం, బచత్ గట్‌లో ఎవరో వచ్చి, వంటింటి తడి చెత్తతో ఎరువు చేయడం నేర్పి, తలా ఒక సంచిలో వానపాములిచ్చి పంపారు. మిగతా ఆడవాళ్లు సందు తిరగ్గానే మోరీలో గుమ్మరించారు. చంద్రభాగకు మనసొప్పలేదు, ఇంటికి తెచ్చి మూలన పెట్టి మరిచిపోయింది. సంచి కదలడం నర్సప్ప చూశాడు. పేడ తెచ్చాడు, తడి గోనె తెచ్చాడు, కూరగాయల తొక్కలు, ఆమె బీడీలకు కత్తిరించి పారేసే తునికాకు తునకలు అన్నీ గుంతలో పరిచి వాటిని వదిలాడు. మొదటి నెల వాటికి భయపడి దూరం నుంచి, మగ్గంలో పేక పోగు నడిపే పాత నాడెతో కలియబెట్టేవాడు. అవి బ్రహ్మాండంగా బతికాయి. భయం పోయింది, మాలిమి అయింది, పేర్లు పెట్టాడు. సరిగ్గా అప్పట్నుంచి చావడం మొదలుపెట్టాయి. పొద్దున గోనె ఎత్తితే పైన రెండు, మూడు బిగుసుకుపోయి కనిపించేవి.

చంద్రభాగకు గుంత అంటే కోపం కాదు. ఆ ముందు గదిలో నలుగురు ఆడవాళ్లు కలిసి కూర్చుని బీడీలు చుడతారు. గుంత వల్ల ఇద్దరికే చోటు. నూలు పున్నమంటే జంధ్యాలు మార్చుకునే శ్రావణ పున్నమి, ఆ రోజు మార్కండేయుని రథం చూడటానికి చుట్టాలొస్తారు, పోయినేడు ఆమె చెల్లెలి కొడుకు అందులో పడి చేయి బెణికించుకున్నాడు. పైగా ఇప్పుడు పురుగులు. ఆమె అడిగేదాంట్లో న్యాయముంది. శుభమ్‌కు ఇద్దరి న్యాయమూ కనిపించింది, అదే తంటా.

“ఒక మాట అనుకుందాం” అన్నాడు మొహం కడుక్కొచ్చి. “పున్నమి పొద్దున గోనె ఎత్తి చూద్దాం. ఎర్రలు మంచిగ బతికుంటే గుంత ఉంటది. లేకుంటే ఫర్శి. మామా, సరేనా?”

నర్సప్ప గుంత వంక చూశాడు. తలూపాడు.

“నేను చూస్త ఎత్తి. ఈయన కండ్లు నమ్మను” అంది చంద్రభాగ.

మర్నాడు శుభమ్ కార్ఖానా నుంచి చిన్న ఇత్తడి అద్దం ఒకటి జేబులో వేసుకొచ్చాడు. గుడ్డలో అంగుళానికి ఎన్ని పోగులున్నాయో లెక్కపెట్టే అద్దం. నర్సప్పకు అది కొత్త కాదు, జీవితమంతా ఆయన చెద్దర్లు దాని కిందే పాసయ్యాయి. శుభమ్ తడి చెంచాతో ఒక వానపామును తీసి తడి గుడ్డ మీద పెట్టాడు. నర్సప్ప బోర్లా పడుకుని అద్దానికి కన్ను ఆనించాడు.

“చుట్లు చుట్లున్నయిరా దీనికి” అన్నాడు. పెదాలు కదుపుతూ లెక్కపెట్టాడు. “తొంభై ఏడు... థూ, కదిలింది. మళ్ల మొదలువెట్టాలె.”

“లెక్క ఇడిసిపెట్టు మామా. వీపు మీద చూడు.”

“ఎర్ర పోగు ఒకటుంది. అది... అది ఉబ్బుతుంది! మళ్ల సన్నబడ్డది. మళ్ల ఉబ్బింది!”

“అది రక్తం గొట్టం. తోక దిక్కు నుంచి తలకాయ దిక్కు రక్తాన్ని నూకుతది. మెడ కాడ ఐదు జతల గుండెలుంటయి.”

“ఐదు జతలా? పది గుండెలా?” నర్సప్ప లేచి కూర్చున్నాడు. “చంద్రీ! ఓ చంద్రీ! దీనికి పది గుండెలంట!”

“నీకున్న ఒక్కటే సక్కగ పనిచేస్తలేదు” అంది ఆమె బీడీల చాట మీంచి తల ఎత్తకుండా.

శుభమ్ చెబుతూ పోయాడు. కళ్లు లేవు, కానీ ఒళ్లంతటికీ వెలుగు తెలుస్తుంది. ముక్కు లేదు, ఊపిరితిత్తులు లేవు, తడి చర్మంతోనే గాలి పీలుస్తుంది. చర్మం ఎండిందా, ఊపిరాగిపోతుంది. పళ్లు లేవు, కడుపులో ఇసుర్రాయి లాంటి సంచి ఒకటుంది, మింగిన ఇసుక రేణువులతో తిండిని అందులో నూరుకుంటుంది. తర్వాత దాన్ని ఎండు పేపరు మీద వదిలి, చెవి దగ్గర పెట్టి వినమన్నాడు. నర్సప్ప బాగున్న చెవి ఆనించాడు. వాన మొదలయ్యేటప్పుడు రేకుల మీద వినిపించేలాంటి సన్నని గరగర. పొట్ట కింద ఉండే ముళ్లవెంట్రుకలు కాగితాన్ని గీకుతున్నాయి.

“కాళ్లు లేవు, గోర్లున్నయి” అన్నాడు నర్సప్ప నోరంతా నవ్వుతూ.

“మరి కాళ్లు లేకుండ ఎట్ల నడుస్తదో తెలుసా? దాని చర్మం కింద కండ రెండు వరసలు మామా. ఒక వరస నిలువుగ, తల నుంచి తోక దాంక. ఇంకో వరస చుట్టూ, గాజుల లెక్క. చుట్టున్నది బిగిస్తే...”

“ఆగు ఆగు. నిలువు పోగులు పడుగు, చుట్టుపోగులు పేక. పేక బిగిస్తే సన్నబడి పొడుగు సాగుతది. పడుగు గుంజుకుంటే కురచయి లావయితది. ఒకటయినంక ఒకటి. అంతేగా?”

ఆ సంగతి అర్థం కావడానికి శుభమ్‌కు ఒక పరీక్ష తప్పాల్సి వచ్చింది.

“అంతే మామా.”

“గింతదానికి పుస్తకమెందుకురా?” నర్సప్ప గుంత అంచున కూర్చుని మళ్లీ అద్దం మీదకు వంగాడు. గుంతలో ఆయన కాళ్లు కదులుతున్నాయి, ఒకటి తర్వాత ఒకటి, పురుగు సాగే వరసలోనే. “గొట్టం నేత ఇది. కుట్టు లేదు, ముడి లేదు. ఎవడు నేసిండో గాని, పనోడు.”

చంద్రభాగ ఈసారి మొహం తిప్పుకోలేదు.

అయితే చావులు ఆగలేదు. శుభమ్ మూడు ఐస్‌క్రీము డబ్బాలు తెచ్చి మూతలకు తూట్లు పొడిచాడు. ఒకదాంట్లో చంద్రభాగ ఊడ్చిన తునకలు ఊడ్చినట్టే, రెండోదాంట్లో అవే కడిగి, మూడోదాంట్లో తునకలే లేకుండా పేడ, గోబీ ఆకులు. ఒక్కోదాంట్లో ఐదు వానపాములు. నర్సప్ప ముట్టుకోకూడదని షరతు. చంద్రభాగ డబ్బాలను తన ట్రంకు మీద పెట్టుకుని కాపలా కాసింది. పురుగుల మీద ప్రేమతో కాదు, తన మీద పడ్డ నింద తేల్చుకోవడానికి.

“రెండు ముక్కలు చేస్తే రెండయితయంట గదా” అంది రెండో రోజు. “తగ్గినన్ని కోసుకుంటే అయిపాయె.”

“కాదత్తా. తల దిక్కు ముక్క బతికితే బతుకుతది. తోక ముక్క చస్తది. ఒకటి రెండు కాదు.”

“మరి ఊరంతా అంటరు?”

“ఊరికేం, కోసి చూసిన్రా?”

ఎనిమిదో రోజు మూడు డబ్బాలూ తెరిచారు. పదిహేనుకు పదిహేనూ బతికే ఉన్నాయి. కడగని తునకల డబ్బాలోవైతే వేలంత లావు అయ్యాయని చంద్రభాగ చెప్పింది. అంతేం కాలేదు, కానీ బలిశాయి.

చంద్రభాగ నడుం మీద చేతులు పెట్టుకుంది. “ముప్ఫై ఏండ్ల సంది చుడుతున్న. తడి ఆకు పొద్దున్నే కత్తిరిస్త. తునకలు ఊడ్చి, నేల తుడిచి, బయట పారేసినంకనే తంబాకు డబ్బా మూత తీస్త. తూకమేసి ఇస్తరు తంబాకు, తునకలల్ల కలుపుకోనీకి నాకేమన్న పిస లేసిందా? నా ఆకుల చిటికెడు తంబాకు ఉండదు. ఇప్పుడు చెప్పు, ఎవరి తంబాకు?”

నర్సప్ప గోడ వంక చూశాడు. కానీ గుంతలో అవి చస్తూనే ఉన్నాయి. పున్నమికి ఇంకా పందొమ్మిది రోజులు. మేస్త్రి ఒకసారి వచ్చి గుంత పొడవు, లోతు టేపుతో కొలుచుకుపోయాడు కూడా. ఆ టేపు గుంతలోకి దిగినప్పుడు నర్సప్ప లేచి బయటికి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున శుభమ్ ఊరికే గడపలో కూర్చుని చూశాడు. నర్సప్ప వచ్చాడు. గుంత అంచున కూర్చున్నాడు. నడుముకున్న సంచి విప్పి, ఎడమ అరచేతిలో తంబాకు వేసుకున్నాడు. సున్నం రాశాడు. బొటనవేలితో బాగా నలిపాడు. రెండు చరుపులు చరిచాడు, పెదవి కింద పెట్టుకున్నాడు. చేతులు ధోతికి తుడుచుకున్నాడు. గోనె ఎత్తాడు. ఒక బలమైన వానపామును ఏరి, అదే అరచేతిలో పెట్టుకున్నాడు.

“రా బిడ్డా, రా. రాత్రి మంచిగ పండుకున్నవా?”

అది మెలి తిరిగింది. మళ్లీ మెలి తిరిగింది. నర్సప్ప మురిసిపోయాడు. “చూడు, చూడు, ఎట్ల ఎగురుతుందో! నన్ను గుర్తువట్టింది.”

“మామా, కింద పెట్టు! నీళ్లల్ల వెయ్యి!” శుభమ్ అరిచాడు.

చెంబు నీళ్లలో వేసేసరికి అది బిగుసుకుపోయింది. అద్దం కింద ఎర్ర పోగు ఆగి ఆగి, చాలా సేపటికొకసారి ఉబ్బుతోంది.

“తంబాకుల ఇసం ఉంటది మామా. తన ఆకు తినే పురుగుల్ని చంపనీకి ఆ చెట్టు పెట్టుకున్న ఇసం. వాటికి చర్మమే ముక్కు, చర్మమే నోరు. తడి చర్మంలకెల్లి సీదా లోపలికి పోతది. కండలు బిగుసుకుంటయి, పడుగు పేక రెండూ ఒక్కసారే గుంజినట్టు. మీద సున్నం గూడ. అది ఎగురుడు గాదు మామా. మంట.”

నర్సప్ప తన అరచేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు. “రోజూ మూడు నాలుగింటిని ఎత్తుకుంటరా నేను. మంచియి చూసి ఎత్తుకుంట.”

తర్వాత లోపల్నుంచి ఒక చప్పుడు. చంద్రభాగ చాట పక్కన పెట్టి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. కొంగు సరిపోలేదు. గోడకు ఆనుకుని, కళ్ల నీళ్లు తుడుచుకుంటూ, ఊపిరాడక నేల మీద చరుస్తూ నవ్వింది.

“గుర్తువట్టిందంట! అగ బయ్యా, గుర్తువట్టిందంట!”

నర్సప్ప ముందు ఉరిమి చూశాడు. తర్వాత ఆయనకూ ఆగలేదు. చెంబులోది అరగంటకు మెల్లగా సాగింది, ముడుచుకుంది, మళ్లీ సాగింది. బతికింది. అది చూశాక ముగ్గురూ ఇంకోసారి నవ్వారు.

నర్సప్ప తంబాకు మానలేదు. మానేశాడని రాస్తే అబద్ధం. కానీ పొద్దున గుంత పని అయ్యేదాకా సంచి విప్పడం మానేశాడు. చంద్రభాగ పాత మేజోడులో సబ్బు ముక్క వేసి గుంత పక్కన మేకుకు కట్టింది. ఆయన మూడుసార్లు తోముకుని, చేతులు వాసన చూసుకుని, ఆమెకూ చూపించి, అప్పుడు గోనె ఎత్తేవాడు. చావులు ఆగాయి. వారానికి శుభమ్ ఒక వానపాము మెడ దగ్గర పట్టీ చూపించి చెప్పాడు. ఆ పట్టీ చుట్టే గుడ్డు సంచి తయారవుతుందని, చొక్కా తల మీంచి విప్పినట్టు పురుగు వెనక్కి జరుగుతూ దాన్ని విడిచేస్తుందని.

“ఇది ఆడదా?” అడిగాడు నర్సప్ప.

“ఆడదీ ఇదే, మొగదీ ఇదే. ప్రతి ఎర్ర రెండూ. అయినా జత కావాలె.”

“రెండూ తానే అయినంక గూడ జత ఎందుకురా?”

“కొట్లాడనీకి” అంది చంద్రభాగ లోపల్నుంచి.

గోనె కింద ఆవగింజ కన్నా కొంచెం పెద్దవి, నిమ్మకాయ ఆకారంలో, పసుపు గుడ్లు దొరికాయి. నర్సప్ప రోజూ అద్దం పెట్టి వాటిని చూసి, ఇంకా కాలేదని చుట్టుపక్కల వాళ్లకు చెప్పేవాడు, వాళ్లు అడగకపోయినా.

పున్నమి పొద్దున మేస్త్రి ఇసుక బస్తాతో వచ్చాడు. నర్సప్ప కొత్త జంధ్యం వేసుకుని గుంత పక్కన నిలబడ్డాడు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక. చంద్రభాగ కొంగు దోపుకుని వంగి గోనె ఎత్తింది. కింద నల్లగా, చాయ్ పత్తి లాంటి ఎరువు. అందులో ఎర్రగా వందల కొద్దీ. వాటి మధ్య తెల్లటి పోగు ముక్కల్లాంటివి. పోగు ముక్కలు కదిలాయి.

ఆమె గోనె పక్కన పెట్టి మేస్త్రి దిక్కు తిరిగింది.

“ఓ మేస్త్రీ” అంది. “ఇసుక తెచ్చినవు గదా. గుంత చుట్టూ జానెడు ఎత్తు గట్టు కట్టు. పిల్లలు పడకుండ. మీద కట్టెపలక మూత పెట్టిస్త, పలక మీద ఇద్దరు కూసుంటరు బీడీలకు.”

నర్సప్ప బయటికి పోయి, రథం మేళం ఇంకా రాకముందే, సందులో ఒక్కడే రెండు చిందులు వేశాడు. శుభమ్ చూశాడు. ఆయనకు తెలియదు.

పండుగ అయిన ఎనిమిదో రోజు పొద్దున నర్సప్ప శుభమ్ తలుపు తట్టాడు. చేతిలో కాగితం. కాగితంలో బిగుసుకుపోయిన వానపాములు రెండు.

“మామా! మళ్లనా? సబ్బు...”

“మెల్లగ మాట్లాడు!” నర్సప్ప తలుపు దగ్గరికి వేశాడు. ఆయన గుసగుసగా మాట్లాడడం శుభమ్ వినడం అదే మొదటిసారి. “నేను గాదు. ఒట్టు. నిన్న బజారుకెళ్లొచ్చే వరకు పలక మూత పక్కకు జరిగుంది. కిటికీలకెల్లి చూసిన. మీ అత్త చాట పక్కకు పెట్టి, బీడీ చుట్టిన చేతులతోనే ఒకదాన్ని ఎత్తుకుంది. వీపు మీద వేలు పెట్టి, ‘నీకు పది గుండెలంట గదనే’ అని ముచ్చట పెడుతుందిరా. నన్ను చూసి గబుక్కున మూత పెట్టి, ‘ఏం లేదు, చీమలొచ్చినయి’ అన్నది.”

శుభమ్‌కు నవ్వు ముంచుకొచ్చింది. నర్సప్ప అతని నోరు మూశాడు. చేతికి సబ్బు వాసన.

“నవ్వకురా అల్లుడా. నేను చెప్తే ఒప్పుకోదు. ఒప్పుకోకుంటే ఇవి చస్తనే ఉంటయి, మళ్ల మేస్త్రి వస్తడు. చూసిన అని గూడ అనకు, సిగ్గుపడి ఇంక ముట్టుకోదు. ముట్టుకోవాలె ఆమె. నువ్వే పోయి, ఊరికే మాట మీద మాట అన్నట్టు, బీడీ చేతికి గూడ సబ్బు కావాలె అని జెర చెప్పు బిడ్డా.”